దోమ దాచుకున్నది

అనంతపురం,
డిసెంబరు.

వసూ,

నీ ఉత్తరం అందింది. పాప చదువు సంగతీ, మీ ఆయన కొత్త ఉద్యోగం సంగతీ విడిగా రాస్తాను. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆఖర్న నువ్వు హడావిడిగా రాసిన నాలుగు ముక్కలు. కొలంబస్‌లో మీ ఇంటి బేస్‌మెంట్ గోడ మీద దోమలు కూర్చుని ఉన్నాయనీ, బయట మంచు కురుస్తున్నా చావలేదనీ, దగ్గరికెళ్లి నిలబడ్డా ఒక్కటీ కుట్టలేదనీ రాశావు. వీటికి రక్తం అక్కర్లేదా అని అడిగావు. అక్కర్లేదే. ఈ చలికాలం అంతా అక్కర్లేదు. ఎందుకో చెప్పాలంటే దోమ ఒంట్లో ఉండే ఒక తెల్లటి కణజాలం కథ మొదటి నుంచీ చెప్పాలి. ఈమధ్య తీరిక దొరికితే నేను చదువుతున్నది అదే. నువ్వు జువాలజీ వదిలేసి ఎన్నాళ్లయినా సరే, ఇది నీకు చెప్పకుండా ఉండలేను.

ఇంటర్‌లో బొద్దింకని కోసిన రోజులు గుర్తున్నాయా? నాడీదండం కనపడాలంటే ముందు అడ్డంగా ఉన్న తెల్లటి మెత్తటి పదార్థాన్ని బ్రష్షుతో తోసేయమనేవాళ్లు. మైనపు ట్రేలో నీళ్లు పాలలా అయ్యేదాకా తోసేవాళ్లం. అదే కొవ్వు దేహం. ట్రోఫోసైట్లు, ఈనోసైట్లు, మైసెటోసైట్లు, యూరేట్ కణాలు అని నాలుగు పేర్లు బట్టీపట్టి రికార్డులో రాసేవాళ్లం. పురుగు బతుకులో సగం నడిపేది ఆ తోసేసిన పదార్థమేనని పాఠంలో ఉన్నా, మన మనసుకెక్కేలా ఎవరూ చెప్పలేదు. పేరులోని కొవ్వు అన్న మాట చూసి పిల్లలు ఇప్పటికీ అది ఒట్టి నిల్వ సరుకు అనుకుంటారు.

కాదు. మనలో కాలేయం చేసే పని, చర్మం కింద కొవ్వు చేసే పని, రెండూ పురుగులో ఈ ఒక్క కణజాలమే చేస్తుంది. వచ్చిన చక్కెరని గ్లైకోజెన్‌గానూ కొవ్వుగానూ మార్చి దాస్తుంది. అవసరమైనప్పుడు ట్రెహలోజ్ అనే చక్కెరగా మార్చి రక్తంలోకి వదులుతుంది. దోమ రెక్కాడించే కండరాలకి కావలసినది ఆ చక్కెరే. విషం వస్తే విరుస్తుంది. బాక్టీరియా ఒంట్లోకి చొరబడితే డిఫెన్సిన్, సెక్రోపిన్ లాంటి ఆయుధాలు తయారుచేసి పంపుతుంది. పురుగుల్లో రక్తం నాళాల్లో కాక ఒళ్లంతా నిండి ఉంటుంది కదా, అందుకని ఈ కణజాలం పలచటి తమ్మెలుగా పరుచుకుని ప్రతి కణమూ రక్తంలో తడుస్తూ ఉంటుంది. పెద్ద దోమలో ఎక్కువ భాగం పొట్ట గోడకి లోపలివైపు అంటుకుని ఉంటుంది. పరిశోధకులు పొట్ట కోసి, పేగునీ అండాశయాలనీ తీసేసి, మిగిలిన డొప్పని అలాగే ఒక ద్రవంలో వేసి పెడతారు. ఆ డొప్పే వాళ్లకి కొవ్వు దేహం. దోమ నుంచి విడదీశాక కూడా అది ఆ ద్రవంలో తన పని తాను చేస్తూనే ఉంటుంది. చదివిన ప్రతిసారీ నాకిది ఆశ్చర్యమే.

ఇక నీళ్లలోకి వెళ్దాం. దోమ లార్వా నాలుగు దశలు పెరుగుతుంది, ప్రతి దశకీ ఒకసారి కుబుసం విడుస్తుంది. నీళ్లలోని బాక్టీరియా, నాచు, కుళ్లిన ఆకుల తునకలు, ఏది దొరికితే అది నోటి కుచ్చులతో లాక్కుని తింటుంది. మొదటి మూడు దశల్లో తిన్నది చాలావరకు పెరగడానికే సరిపోతుంది. నాలుగో దశలోనే దాచుకోవడం. అప్పుడు దాని కొవ్వు దేహం ఉబ్బి, కణాల నిండా కొవ్వు బొట్లు, గ్లైకోజెన్, ప్రొటీన్ చేరతాయి. లార్వాని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పైపొర గుండానే తెల్లగా కనిపిస్తుంది.

1942లో విన్సెంట్ విగిల్స్‌వర్త్ లండన్‌లో పనిచేస్తూ ఏడిస్ ఈజిప్టై లార్వాల మీద చేసిన ప్రయోగం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. యుద్ధం జరుగుతున్న రోజులు. ఆయన లార్వాలని ముందు పస్తు పెట్టాడు. కొవ్వు దేహంలో దాచినదంతా కరిగి కణాలు ఖాళీ అయ్యేదాకా పస్తే. ఆ తర్వాత ఒక్కో గుంపుకి ఒక్కో శుద్ధమైన పదార్థం మాత్రమే పెట్టాడు. ఆలివ్ నూనె తిన్నవాటి కణాల్లో కొవ్వు బొట్లు నిండాయి. పిండి పదార్థం తిన్నవాటిలో గ్లైకోజెన్ పేరుకుంది, కొవ్వూ పుట్టింది. పాలలోని కేసీన్ పెట్టినవాటిలో, చక్కెర ఆనవాలే లేకపోయినా, గ్లైకోజెన్ కనిపించింది. అంటే ఈ కణాలు వచ్చిన సరుకుని వచ్చినట్టు పెట్టుకోవడం లేదు, విప్పి తమకి కావలసినట్టు తిరగ కట్టుకుంటున్నాయి. ఇంత పెద్ద సంగతిని ఆయన రాబట్టింది గోరంత కూడా లేని లార్వాల నుంచి. ఖరీదైన యంత్రాలేవీ లేవు, రంగులూ సూక్ష్మదర్శినీ ఉన్నాయి, అంతకుమించి చూసే ఓపిక ఉంది.

ఇక్కడ మీ అమ్మమ్మగారి ఇల్లు గుర్తొస్తోంది. హిందూపురంలో వాళ్లు పట్టుపురుగులు పెంచేటప్పుడు, నాలుగో జ్వరం దాటాక ఆకు ఎంతేసినా చాలడం లేదని మీ తాతయ్య విసుక్కునేవాడు కదా. రాత్రి తట్టల్లో పురుగులు ఆకు తినే చప్పుడు వినపడుతుందని నువ్వే చెప్పావు. ఆ ఆత్రమంతా ఎందుకంటే, గూట్లోంచి బయటికొచ్చే చిలకకి తినే నోరే ఉండదు. అది పెట్టే నాలుగైదు వందల గుడ్లకి కావలసిన ప్రతి చుక్కా పురుగుగా ఉన్నప్పుడు మల్బరీ ఆకులోంచి సంపాదించి కొవ్వు దేహంలో దాచుకున్నదే. దోమ మధ్యలో ఆగిన జీవి. కొంత నీళ్లలోంచి తెచ్చుకుంటుంది, గుడ్లకి చాలని మిగతాది మన ఒంట్లోంచి తీసుకుంటుంది.

అన్ని దోమలూ ఒకే చోట ఆగలేదు. టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమ లార్వాగా ఉండగా వేరే దోమల లార్వాలని వేటాడి తింటుంది. ఆ మాంసం తిని ఎంత ప్రొటీన్ దాచుకుంటుందంటే, రెక్కలొచ్చాక పూల తేనె తప్ప ఇంకేమీ ముట్టకుండా గుడ్లు పెట్టేస్తుంది. దాని జన్మలో రక్తం లేదు. లండన్ భూగర్భ రైలు సొరంగాల వల్ల పేరుకెక్కిన క్యూలెక్స్ రకం మొదటి విడత గుడ్లని రక్తం లేకుండానే పెడుతుంది. మీ ఉత్తర అమెరికాలోనే, పురుగులని పట్టి తినే కూజా మొక్క ఆకుల్లో నిలిచిన నీళ్లలో వైయోమియా స్మితై అనే చిన్న దోమ పెరుగుతుంది. ఉత్తరాదిన ఉండేవి అసలు కుట్టవు, దక్షిణాదివి కుడతాయి. జాతి ఒకటే. చిన్నతనంలో ఎంత కూడబెట్టాం, ఇంకెంత కావాలి అన్న లెక్కలో తేడా. వసూ, మనం దోమ క్రూరత్వం అనుకునేది చాలావరకు ఈ లెక్కేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

లార్వా ప్యూపా అయ్యేటప్పుడు ఏమవుతుందో చూడు. ప్యూపా తినదు. మన ఎండలకి రెండు రోజులు అలా నీళ్లలో పొర్లుతూ గడుపుతుంది. ఆ రెండు రోజుల్లో కాళ్లు, రెక్కలు, కొత్త కళ్లు, కొత్త పేగు అన్నీ తయారవ్వాలి, వాటికి ఖర్చయ్యేదంతా దాచినదాన్లోంచే. చాలా కీటకాల్లో ఆఖరి దశ లార్వా కొన్ని ప్రత్యేక ప్రొటీన్లని తయారుచేసి రక్తంలోకి వదిలి, ప్యూపా అయ్యే ముందు మళ్లీ తన కొవ్వు కణాల్లోకే లాక్కుని గుళికలుగా పెట్టుకుంటుంది. పండుఈగలో అయితే ఇంకా నాటకీయంగా ఉంటుంది. లార్వా కొవ్వు దేహం ముక్కలై ఒక్కో కణమూ విడిపోయి ఒళ్లంతా తేలుతుంది. కొత్త ఈగ బయటికి వచ్చాక కూడా ఆ పాత కణాలు కొద్దిరోజులు దాని పొట్టలో ఉండి, అది మొదటి తిండి వెతుక్కునేదాకా పోషించి, చచ్చిపోతాయి. పెద్ద ఈగ కొవ్వు దేహం వేరే కణాల నుంచి కొత్తగా పుడుతుంది. దోమ కూడా లార్వా నిల్వలో కొంత మిగుల్చుకునే రెక్కలు విప్పుతుంది. ఎంత మిగిలిందన్నది దాని మొదటి రోజులని శాసిస్తుంది.

ఈ మార్పులన్నిటికీ రెండు హార్మోన్లు కాపలా. ఎక్డైసోన్ కుబుసం విడవమంటుంది, జువెనైల్ హార్మోన్ ఉన్నంతకాలం పిల్లదశలోనే ఉండమంటుంది. ఆ రెండోదాని గురించి ఒక సంగతి చెప్పకపోతే మనసొప్పదు. 1960లలో కారెల్ స్లామా అనే చెక్ శాస్త్రవేత్త తన ఎర్రనల్లులని తీసుకుని హార్వర్డ్‌లో కారొల్ విలియమ్స్ దగ్గరికి వచ్చాడు. యూరప్‌లో చక్కగా పెరిగే ఆ నల్లులు అక్కడ పెద్దవి కావడం మానేశాయి. ఇంకో లార్వా దశకి వెళ్లి అలాగే చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా కారణం వాటి డబ్బాల్లో పరిచిన కాగితం తువ్వాలు అని తేలింది. అప్పట్లో అమెరికా కాగితం తయారీలో బాల్సమ్ ఫర్ చెట్టు వాడేవాళ్లు. ఆ చెట్టులో జువెనైల్ హార్మోన్‌ని పోలిన పదార్థం ఉంది. యూరప్ కాగితం మీద అవే నల్లులు మామూలుగా పెరిగాయి. ఈరోజు దోమల లార్వాల మీద వాడే మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ ఆ ఆలోచన సంతానమే. ప్యూపాకి ఉండకూడని సమయంలో ఆ సంకేతం అందితే లోపలి పునర్నిర్మాణం చెడి, దోమ బయటికి రాలేదు. తాగునీటి తొట్లలో పైరిప్రాక్సిఫెన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాములు. అంత కొంచెం చాలు.

అదే హార్మోన్ పెద్ద దోమలో పూర్తిగా వేరే పని చేస్తుంది. కొత్తగా రెక్కలొచ్చిన ఆడ ఏడిస్‌కి మొదటి రోజే రక్తం దొరికినా గుడ్లు పెట్టే సత్తా ఉండదు. దాని కొవ్వు దేహం ఇంకా సిద్ధం కాలేదు. తర్వాతి మూడు రోజులూ జువెనైల్ హార్మోన్ పెరిగి, ఆ కణాలని తయారుచేస్తుంది. కణాలు విడిపోకుండానే వాటిలో డీఎన్‌ఏ ప్రతులు పెరుగుతాయి, ప్రొటీన్ కట్టే రైబోజోములు కుప్పలుగా చేరతాయి. అంతా సిద్ధమయ్యాక ఆగిపోతుంది. రక్తం దొరికేదాకా పని మొదలవదు. ఈ ఆగడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. తొందరపడి మొదలుపెట్టి మధ్యలో సరుకు చాలక గుడ్లు పాడైతే ఇన్నాళ్లు దాచుకున్నది వృథా కదా.

రక్తం తాగిన గంటల్లోనే సీను మారిపోతుంది. మెదడు నుంచి కబురు అండాశయానికి, అక్కణ్ణుంచి ఎక్డైసోన్ రూపంలో కొవ్వు దేహానికి చేరుతుంది. కానీ హార్మోన్ ఒక్కటే చాలదు. 2004లో అలెగ్జాండర్ రైఖెల్ బృందం ఇందాక చెప్పిన డొప్పలతోనే దీన్ని చూపించింది. అమైనో ఆమ్లాలు కూడా వచ్చి చేరాయని కణంలోని టార్ అనే వ్యవస్థ తెలుసుకుంటేనే తాళం తెరుచుకుంటుంది. అంటే పేగులో రక్తం నిజంగా అరుగుతోందా అని కొవ్వు దేహం స్వయంగా చూసుకుంటోంది. తెరుచుకున్నాక అది గుడ్డుసొన ప్రొటీన్ విటెల్లోజెనిన్‌ని ఉధృతంగా తయారుచేస్తుంది. ఇరవైనాలుగు గంటలకి పని తారస్థాయికి వస్తుంది. ముప్ఫై, ముప్ఫైఆరు గంటలు దాటేసరికి ఆపేస్తుంది. అప్పటిదాకా వాడిన యంత్రాంగాన్ని తన లైసోజోములతో తానే అరిగించుకుని, తర్వాతి విడతకి సిద్ధమవుతుంది. మూడో రోజుకి నూరు దాకా గుడ్లు తయారు. ఈ తయారీ, ఈ కూల్చివేత ఆడదోమ బతికినన్ని విడతలూ సాగుతుంది.

చిన్నప్పుడు తిండి చాలని దోమల సంగతి ఇంకోలా ఉంటుంది. ఇరుకు డబ్బాలో వందల లార్వాలు కొద్ది తిండికి పోటీపడితే బయటికొచ్చేవి పొట్టిగా, చిన్న రెక్కలతో, ఖాళీ కొవ్వు దేహంతో వస్తాయి. అలాంటిది మొదటిసారి తాగిన రక్తాన్ని గుడ్లకి కాక తన నిల్వకే వాడుకోవలసి వస్తుంది. రెండోసారి, ఒక్కోసారి మూడోసారి తాగితేగాని గుడ్లు రావు. ఆఫ్రికా మలేరియా దోమ అనాఫిలిస్ గాంబియేలో ఇది మామూలే. ప్రతి అదనపు కాటూ రోగం ఇంకో మనిషికి దాటడానికి ఇంకో అవకాశం. అలాగని చిన్న దోమే ఎక్కువ ప్రమాదమని నేను అనను. నిల్వ తక్కువైనది ఎక్కువ రోజులు బతకదు కూడా. లోపల పరాన్నజీవి పండేదాకా బతికితేనే కదా దాన్ని పంచేది. ఈ రెండు వైపులనీ కలిపి చూడకుండా ఏదో ఒకటి పట్టుకుని హెచ్చరికలు రాసేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీ ఊరి దోమలు. అవి క్యూలెక్స్ పిపియెన్స్ ఆడవి. మగవి జతకట్టి శరత్కాలంలోనే చచ్చిపోయాయి. ఆగస్టు చివరికి పగలు బాగా కురచ అయ్యేసరికి నీళ్లలో నాలుగో దశలోనో, ప్యూపాగానో ఉన్నవాటికి ఆ సంగతి తెలిసిపోతుంది. చలి రాకముందే, ఒట్టి వెలుతురు లెక్కతో. అలా పెరిగిన ఆడదోమలో రెక్కలొచ్చాక జువెనైల్ హార్మోన్ పెరగదు. కాబట్టి కొవ్వు దేహం గుడ్ల పనికి సిద్ధం కాదు, నిల్వ చేసే పనికి తిరుగుతుంది. దీని మీద ఎంతో పని మీ కొలంబస్‌లోనే, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ డెన్లింగర్ దగ్గర జరిగింది. 2005లో వాళ్లు చూపించింది ఏమిటంటే, ఇలాంటి దోమల్లో రక్తాన్ని అరిగించే ఎంజైముల జన్యువులు అణిగిపోతాయి, కొవ్వు కట్టే జన్యువు పుంజుకుంటుంది. రక్తం మానేసి పూల చక్కెర పీల్చి పీల్చి ఒళ్లు కొవ్వుతో నింపుకుంటాయి. 2008లో వాళ్లే ఇన్సులిన్ సంకేతం, ఫాక్సో అనే ప్రొటీన్ ఈ మలుపుని నడుపుతున్నాయని తేల్చారు. ఫాక్సోని అణిచివేస్తే దోమ కొవ్వు కూడబెట్టలేకపోయింది. మన ఒంట్లో చక్కెర వ్యాధికి ముడిపడిన ఇన్సులిన్ దారే అక్కడ దోమకి చలికాలం నేర్పుతోంది! కాబట్టి మీ గోడ మీదివి ఆకలితో లేవు, తెచ్చుకున్నది పొదుపుగా తింటూ ఉన్నాయి. అలాగని జాలిపడి వదిలేయకు. వసంతం రాగానే రక్తం వెతుక్కుంటాయి, వెస్ట్ నైల్ వైరస్ కొన్నిసార్లు ఇలాంటివాటిలోనే చలికాలం దాటుతుంది.

మన దగ్గరి క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్‌కి ఈ విద్య లేదు. మురుగు కాలవల్లో ఏడాది పొడుగునా పుడుతూనే ఉంటుంది, కుడుతూనే ఉంటుంది. ఏడిస్‌కి వేరే ఉపాయం ఉంది. ఇక్కడ కుళాయి నీళ్లు రోజూ రావు, అందుకని ప్రతి ఇంట్లో డ్రమ్ములూ తొట్లూ. అది డ్రమ్ము లోపలి గోడకి, నీళ్ల అంచుకి కాస్త పైన గుడ్లు పెడుతుంది. డ్రమ్ము ఎండిపోయినా గుడ్డు నెలల తరబడి బతికే ఉంటుంది. ఆ లోపల ఎదిగి కూర్చున్న లార్వా ఇన్నాళ్లూ తినేది తల్లి కొవ్వు దేహం సొనలో పెట్టి పంపిన కొవ్వునే. శుక్రవారం డ్రై డే అని మా వీధిలో చెప్పి వెళ్తుంటారు. నీళ్లు పారబోస్తే అయిపోయిందనుకుంటారు అందరూ. పీచుతో లోపలి గోడ గట్టిగా రుద్దమని నేను క్లాసులోనూ చెప్తున్నాను, వీధిలోనూ చెప్తున్నాను.

ఇంకో ముక్క. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో చూసిన మలేరియా కణాలు ఉన్నాయే, అవి అక్కడ పెరగడానికి వాడుకునే కొవ్వులు కూడా ఈ కణజాలం తయారుచేసి రక్తంలో తిప్పే లైపోఫోరిన్ మోసుకొచ్చినవే. దోమ తన గుడ్ల కోసం కదిలించిన సరుకులోంచి పరాన్నజీవి తన వాటా తీసుకుంటుంది. ఇదే దారిని మనవైపు తిప్పుకోవచ్చని కూడా తేలింది. 2000లో రైఖెల్ బృందం విటెల్లోజెనిన్ జన్యువు మీటని డిఫెన్సిన్ జన్యువుకి తగిలించి ఏడిస్ దోమలో పెట్టింది. ఆ దోమ రక్తం తాగగానే దాని కొవ్వు దేహం సొనతోపాటు ఆ ఆయుధాన్నీ తయారుచేసి ఒళ్లంతా నింపింది.

వచ్చే టర్మ్‌లో రెండో సంవత్సరం పిల్లలతో విగిల్స్‌వర్త్ పని చిన్నగా చేయిద్దామనుకుంటున్నాను. రెండు ట్రేలు. ఒకదాంట్లో కొద్ది లార్వాలకి పుష్కలంగా ఈస్టు పొడి, ఇంకోదాంట్లో అంతే తిండికి కిక్కిరిసినన్ని లార్వాలు. నాలుగో దశలో కొన్నిటిని తీసి సుడాన్ రంగుతో కొవ్వుని, అయోడిన్‌తో గ్లైకోజెన్‌ని చూస్తాం. మిగతావాటిని మూతకట్టిన బోనులో రెక్కలొచ్చేదాకా ఉంచి రెక్క పొడవు కొలుస్తాం. అయోడిన్ మా ల్యాబ్‌లో ఉంది, సుడాన్ తెప్పించాలి. మైక్రోస్కోపులో రెక్క కొలిచే స్కేలు ఒకటి పగిలింది. నువ్వు జనవరిలో వచ్చేటప్పుడు ఒకటి తేగలవా? ఖరీదు ఎంతో ముందే రాయి, డబ్బులు మీ అమ్మకి ఇచ్చేస్తాను.

నీ
లలిత